కందకు లేని దురద

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవాళ్ళు ఓ సామెత చెప్పారు. వంటింట్లో పుట్టిన సామెత గనక దాని అర్థం మనకొకరు విప్పి చెప్పనక్కర్లేదు. దురద పుట్టించే కందగడ్డేమో నిమ్మళంగా బుట్టలో కూచుని ఉంది. మధ్యన కత్తిపీట మాత్రం గోక్కుంటూ గోల పెడుతోంది! అటువంటి కత్తిపీటలు మీకు రోజుకొకటైనా ఎదురవుతూనే ఉంటాయి గదూ?

మాటవరసకి, పొద్దున్నే మీరు కూరలబండి దగ్గర నిలబడ్డారనుకోండి. పక్కింటావిడ రానే వస్తుంది. "నిన్న మీ ఇంటి ముందు కారాగింది, పెళ్ళివారాండీ?" అంటుంది. కాదంటే ఊరుకుంటుందా? "అమ్మాయికి ఇరవయ్యేడు దాటాయి గదూ! మరీ ఏరుతున్నారేమో" అంటుంది. అంతటితో అయిందా అంటే అవదు. "మీవారు ఈమధ్య పెందలాడే ఇంటికొచ్చేస్తున్నారు, ఆఫీసులో అంతా సవ్యమేనా?" అని గొంతు తగ్గించి మరీ అడుగుతుంది. మీరు పావుకిలో బెండకాయలు ఏరుకునేలోపల ఆవిడ మీ ఇంటి జాతకమంతా సంచీలో వేసుకుని వెళ్ళిపోతుంది. సాయంత్రానికి ఆ జాతకం అపార్టుమెంటులో అయిదంతస్తులూ తిరిగొస్తుంది.

ఇలా ఇతరుల విషయాల్లో తల దూర్చేవాళ్ళ గురించి ఇవాళ మీతో నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను. వాళ్ళని ఆడిపోసుకోవడానికి మాత్రం కాదు. గురివిందగింజ తన కింద నలుపెరగదన్నట్టు, మనలో ప్రతివాళ్ళమూ ఎప్పుడో ఒకప్పుడు కత్తిపీట అవతారం ఎత్తినవాళ్ళమే. నేను మినహాయింపు కాదు సుమండీ!

అసలు ఎదుటివాళ్ళ గొడవ మనకెందుకింత రుచి? ఇది ఆడవాళ్ళ జబ్బని మగవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. అది నిజం కాదు. రాబిన్ డన్‌బార్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కలిసి, జనం నలుగురూ చేరినచోట ఏం మాట్లాడుకుంటారో విని లెక్క వేశారు. 1997లో ఆ లెక్క ప్రచురించారు. మాట్లాడుకునే సమయంలో మూడింట రెండు వంతులు మనుషుల గురించీ, వాళ్ళ సంబంధాల గురించేనట. ఆడవాళ్ళ మాటలైనా మగవాళ్ళ మాటలైనా ఈ పాలు పెద్దగా మారలేదట. అంటే అరుగుమీద పేపరు పట్టుక్కూచున్న పెద్దమనుషులూ, పంపు దగ్గర బిందె పెట్టిన మనమూ ఒక్క తానులో గుడ్డలమే. మనుషులు గుంపుగా బతకాలంటే ఎవరు మంచివాళ్ళో, ఎవరిని నమ్మచ్చో, ఎవరికి కష్టం వచ్చిందో తెలియాలి గదా. అందుకని ఈ కుతూహలం మనకి పుట్టుకతో వచ్చింది. కుతూహలం తప్పు కాదు. దానికి తలుపూ గడియా లేకపోవడమే తప్పు.

తల దూర్చేవాళ్ళందరూ ఒక్క రకం కాదు. కొందరు ఉత్త ఆరా తీసేవాళ్ళు. జీతమెంత, అద్దె ఎంత, ఆ చీర ఎంత పెట్టి కొన్నారు - ఇవి తెలియకపోతే వాళ్ళకి అన్నం సయించదు. కొందరు సలహాలరాయళ్ళు. మీ పిల్లాడు తుమ్మితే చాలు, కషాయం దగ్గర్నుంచి డాక్టరు దాకా అన్నీ వాళ్ళే నిర్ణయించేస్తారు. మరికొందరు మోతగాళ్ళు. అత్తగారి మాట కోడలికీ, కోడలి మాట అత్తగారికీ మోసి, రెండిళ్ళ మధ్యనా నిప్పంటించి, చలి కాచుకుంటారు. పూర్వం వీళ్ళు కాలినడకన తిరిగేవాళ్ళు. ఇప్పుడు వాట్సాప్ వచ్చాక కూచున్నచోటినుంచే పని కానిస్తున్నారు.

విచిత్రమేమిటంటే, వీళ్ళలో చాలామంది తాము మంచే చేస్తున్నామనుకుంటారు. మంథర మాటే తీసుకోండి. ఆవిడ కైకకి పుట్టింటినుంచి వచ్చిన దాసి. కైకంటే ప్రాణం. రాముడికి పట్టాభిషేకమని వినగానే కైక మొదట సంతోషించి, కబురు తెచ్చినందుకు నగ తీసి బహుమతిగా ఇచ్చిందని రామాయణం చెబుతుంది. ఆ సంతోషాన్ని విషం చేసింది మంథర. తన అమ్మాయి మేలు కోరే చేసింది! చివరికి ఏమైంది? ఆ మేలుకి కైక పసుపుకుంకాలే పోయాయి. అందుకని "నేను నీ మంచికే చెబుతున్నా" అని ఎవరైనా మొదలెడితే కాస్త వెనకా ముందూ చూసుకుని వినడం మంచిది. మనమే ఆ మాట అనబోతే మరీ మంచిది.

పంచతంత్రంలో కోతి కథ మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. గుడి కడుతున్నచోట వడ్రంగులు దుంగని సగందాకా కోసి, మధ్యన మేకు దిగ్గొట్టి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళారు. ఓ కోతి వచ్చి, పనీపాటా లేక, ఆ దుంగమీద కూచుని మేకు ఊడబెరికింది. చీలిక మూసుకుపోయి, మధ్యన నలిగి చచ్చింది. ఆ మేకు అక్కడెందుకుందో కోతికి తెలీదు. ఎదుటివాళ్ళ సంసారంలోనూ అలాటి మేకులుంటాయి. ఫలానావాళ్ళు పుట్టింటికెందుకు వెళ్ళరో, ఫలానావాళ్ళకి పిల్లలెందుకు లేరో, ఫలానా అబ్బాయి చదువెందుకు మానేశాడో, దాని వెనక ఎన్ని చీలికలున్నాయో మనకేం తెలుసు? ఆ మేకు వల్లే ఆ ఇల్లు నిలబడి ఉందేమో!

మరి ఇలాటివాళ్ళు ఎదురైతే ఏం చెయ్యాలి? కసిరితే చుట్టరికం చెడుతుంది. నిజం చెబితే ఊరు చుట్టొస్తుంది. అబద్ధం చెబితే రేపు మనమే మరిచిపోతాం. నేను చూసినంతలో నవ్వుతూ తలుపు దగ్గరికి వెయ్యడమే ఉపాయం. "పిల్లలెప్పుడు?" అంటే, "విశేషముంటే మీకు చెప్పకుండా ఉంటానా పిన్నిగారూ! ఇంతకీ మీ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి?" అనెయ్యండి. తన సంగతి ఎవరైనా అడగాలనే చాలామందికి లోలోపల ఆశ. పొద్దస్తమానం ఒంటరిగా ఇంట్లో ఉండి, పిల్లలు దూరదేశాల్లో స్థిరపడి, పలకరించే దిక్కులేక మన గుమ్మంలోకి తొంగిచూసే పెద్దావిడ మీద కోపం తెచ్చుకోబోయేముందు ఈ మాట గుర్తు చేసుకోండి. ఆవిడకి కావలసింది మన రహస్యం కాదు, మన పలకరింపు.

అలాగని మీ గుమ్మం మీది కాకుండా పోదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూచుని, మనిషి గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. మీకు ఇష్టంలేని సంగతి చెప్పకపోవడం మర్యాద తప్పడం కాదు.

ఇక్కడితో ఆపేస్తే ఈ ప్రసంగం సుఖంగా ముగిసినట్టే. కానీ అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడే మొదలవుతోంది.

హితోపదేశంలో ఇంకో కథ ఉంది. ఓ రజకుడి ఇంట్లో ఒక రాత్రి దొంగ పడ్డాడు. పెరట్లో గాడిదా, కుక్కా రెండూ చూశాయి. "అరిచి యజమానిని లేపవేం?" అంది గాడిద. "అది నా పని, నీకెందుకు? ఈమధ్య నాకు తిండి సరిగ్గా పెట్టడంలేదు, నేనరవను" అంది కుక్క. ఆగలేక గాడిదే ఓండ్రపెట్టింది. నిద్ర చెడిన యజమాని లేచి గాడిదని చావబాదాడు. కుక్క పని గాడిద చెయ్యరాదు అంటూ ఈ కథని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. తప్పంతా గాడిదదే! దొంగని చూసి కూడా "మనకెందుకులే" అని పడుకున్న కుక్కని మాత్రం ఒక్కరం ఒక్క మాట అనం.

నేను ఒకప్పుడు ఆ కుక్కనే అయ్యాను. ఎలాగో చెబుతాను వినండి.

1982లో మా కాపురం విజయవాడలో, నాలుగు వాటాల ఇంట్లో. పెళ్ళయి మూడేళ్ళయినా నాకింకా పిల్లలు లేరు. పంపు దగ్గరికెళితే "ఏమైనా విశేషమా?", పేరంటానికెళితే "డాక్టరుకి చూపించుకున్నావా?". ఒకావిడైతే లోపం నాలో ఉందా, మావారిలో ఉందా అని అందరిముందూ అడిగేసింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. చచ్చినా ఎవరి సంసారం సంగతీ నేనడగనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నా సంస్కారమనుకుని లోలోపల గర్వపడ్డాను కూడా.

మరుసటేడు ఎదురువాటాలోకి ఓ కొత్త జంట దిగింది. ఆ అమ్మాయికి ఇరవయ్యేళ్ళుంటాయి. అతను చూడ్డానికి నెమ్మదస్తుడు. కానీ కొన్ని రాత్రిళ్ళు గిన్నెలు పడ్డ చప్పుడు, ఆ వెనక నోట్లో కొంగు కుక్కుకున్న ఏడుపు వినిపించేవి. మర్నాడు పంపు దగ్గర ఆ పిల్ల పమిట భుజాలనిండా కప్పుకుని నిలబడేది. నాలుగు వాటాలవాళ్ళమూ చూశాం. "ఆలుమగల తగవు అద్దంమీద పెసరగింజ" అంది ఇంటివారావిడ. అందరం తలూపాం.

ఒకనాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "అక్కయ్యా, కాస్త పంచదారుందా?" అంది. పోశాను. పుచ్చుకుని వెళ్ళలేదు. గడప పట్టుకుని కాసేపలాగే నిలబడింది. దవడ మీద కమిలిన మచ్చ కనిపిస్తూనే ఉంది. అడగనా అని నాలిక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. "ఇంకేమైనా కావాలా?" అన్నాను. "ఏం లేదక్కయ్యా" అని వెళ్ళిపోయింది. మరో పదిరోజులకి వాళ్ళన్నయ్య వచ్చి, చేతికి పిండికట్టుతో ఉన్న చెల్లెల్ని రిక్షా ఎక్కించుకుపోయాడు.

వెళ్ళాక మాత్రం నాలుగు వాటాల్లోనూ అదే చర్చ. ఆమె నోరు పెద్దదేమోనని ఒకరు, కట్నం బాకీ ఉండి ఉంటుందని ఒకరు. చూశారా! అవసరమైన రోజున తలుపులేసుకున్నాం. అవసరం తీరాక తలలు దూర్చాం.

పన్నెండేళ్ళ తరవాత ఓ పెళ్ళిలో ఆమె కనిపించింది. బడిలో టీచరు పని చేసుకుంటూ తన కాళ్ళమీద తను నిలబడింది. నన్ను చూసి తనే వచ్చి పలకరించింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక మెల్లిగా అంది: "ఆ రోజు మా ఇంట్లో పంచదార డబ్బా నిండా ఉందక్కయ్యా."

అంతే. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఇప్పటికీ డబ్బా మూత తీసినప్పుడల్లా నాకా మాట వినిపిస్తుంది.

మేమంతా చెడ్డవాళ్ళమా అంటే, కాదు. ఇలా ఎందుకు జరుగుతుందో 1968లో అమెరికాలో డార్లీ, లాటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఓ ప్రయోగం చేసి చూపించారు. గదిలో విద్యార్థులని కూచోబెట్టి, కాగితాలు నింపమని, గోడలోంచి మెల్లిగా పొగ వదిలారు. ఒంటరిగా కూచున్న 24 మందిలో 18 మంది లేచి వెళ్ళి చెప్పారు. ముగ్గురేసి కూచున్న 8 జట్లలో మాత్రం మూడింటిలోనే ఎవరో ఒకరు లేచారు. మిగతావాళ్ళు పక్కవాడు కదలడంలేదు గదా, ప్రమాదమేమీ లేదు కాబోలనుకుని పొగలోనే కూచున్నారు. ఒక్క వాటా ఉన్న ఇంట్లో నేనుంటే బహుశా అడిగేదాన్నేమో. నాలుగు వాటాలుండటం వల్ల నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంకో సంగతుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత మీరు వినే ఉంటారు. నవ్వుతూ చెప్పుకుంటాంగానీ అందులో ఉన్నది ఎంత ఘోరం! దెబ్బ తిన్న ఆడది దెబ్బకన్నా మన నవ్వుకే ఎక్కువ భయపడుతుంది. ఆరా తీసేవాళ్ళూ, మోతగాళ్ళూ ఊరినిండా ఉండబట్టే ఆమె పమిట కప్పుకుంటుంది. కూరలబండి దగ్గర మనం సరదాకి చేసే పనే ఇంకొకరి నోరు కట్టేస్తోందన్నమాట.

ఈ రోజుల్లో చట్టం కూడా ఇరుగుపొరుగుని "నీకెందుకు" అనడంలేదు. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ప్రకారం, ఒక ఇంట్లో స్త్రీ మీద హింస జరిగిందని గానీ, జరుగుతోందని గానీ, జరగబోతోందని గానీ నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా సరే రక్షణాధికారికి తెలియజేయవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ, ఏ బాధ్యతా ఉండదని అదే చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. చుట్టమే అవనక్కర్లేదు, సాక్ష్యం మూట కట్టుకు వెళ్ళనక్కర్లేదు. స్త్రీల సహాయానికి 181, ప్రాణం మీదికొచ్చినప్పుడు 112, పిల్లల కష్టానికి 1098 - ఈ మూడు నంబర్లూ పాలలెక్క రాసుకునే క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, తాత్కాలికంగా తలదాచుకునే చోటు ఒక్క దగ్గరే దొరికేలా 2015 నుంచి సఖి కేంద్రాలు కూడా పెడుతూ వచ్చారు.

అయితే అడగడానికీ ఓ పద్ధతుంది. తగుదునమ్మా అని భర్తని నిలదీస్తే, ఆ కసి రాత్రికి ఆమె మీదే తీరుతుంది. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, "నాకు చప్పుడు వినిపిస్తోందమ్మా. నీకేం కావాలో చెప్పు. నా నోరు దాటదు" అని ఒక్క మాట అనండి. చెప్పకపోతే బలవంతపెట్టకండి. మీరున్నారని తెలిస్తే చాలు. "సర్దుకుపో" అనీ అనకండి, "వదిలేసి వచ్చెయ్" అనీ అనకండి. ఆ నిర్ణయం ఆమెది. సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం మీ బీరువాలో దాచమంటే దాచండి. ఆమె సంగతి మీ ఇంట్లోవాళ్ళకి కూడా కథలా చెప్పకండి. చప్పుడు జరుగుతున్నప్పుడే ఆపాలనిపిస్తే, 2008లో మన దేశంలో "బెల్ బజావో" అని ఓ ప్రచారం జరిగింది, గుర్తుందా? ఇంట్లోంచి దెబ్బల చప్పుడు వింటే వెళ్ళి బెల్లు కొట్టమని, ఏదో చిన్న సాకుతో పలకరించమని చెప్పింది. పోట్లాట పెట్టుకోమనలేదు. బయట వినేవాళ్ళున్నారని లోపలివాడికి తెలియడమే దాని ఉద్దేశం. ఒక్కరూ వెళ్ళడానికి భయమైతే ఇద్దరు వెళ్ళండి. పరిస్థితి మించితే వెళ్ళకండి, 112కి ఫోను చెయ్యండి.

మరి ఏది తల దూర్చడం, ఏది ఆదుకోవడం? నేనైతే మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, ఈ సంగతి తెలుసుకుంటే నేను చెయ్యగలిగిన సాయమేమైనా ఉందా? రెండు, ఈ మాట ఆమె మొహం ముందు అనగలనా, వెనకేనా? మూడు, ఊరుకుంటే ఎవరికైనా దెబ్బ తగులుతుందా, ప్రాణానికో బతుకుకో ముప్పుందా? మొదటి రెండిటికీ "లేదు" అని జవాబొస్తే నోరు మూసుకుని బెండకాయలు ఏరుకుంటాను. మూడోదానికి "అవును" అని వస్తే మాత్రం, నలుగురూ ఏమనుకున్నా సరే, వెళ్ళి తలుపు తడతాను.

పక్కింటి జీతమెంతో, చీర ఖరీదెంతో తెలుసుకోకపోయినా మన రోజు గడిచిపోతుంది. కానీ ఈసారి ఎవరైనా గిన్నె పట్టుకుని మీ గుమ్మంలో నిలబడితే, పంచదార పోసి, ఒక్క నిమిషం కూచోమనండి. మిగతాది ఆమే చెబుతుంది. చెప్పకపోయినా, మరోసారి రావడానికి ఆమెకి ఓ గుమ్మం ఉంటుంది.

సెలవు.